పాఠం చెప్పే గొంతు, కథ చెప్పే గొంతు

కథలు రాసే అధ్యాపకులు నలుగురు కలిస్తే అందులో ఒకరైనా "ఉద్యోగంలో చేరాక కథ వెనకబడిపోయిందండీ" అంటారు. ఎందుకని అడిగితే టైము లేదంటారు. రోజుకు మూడు నాలుగు క్లాసులు, ఇంటర్నల్ పరీక్షల పేపర్లు, నాక్ బృందం వస్తోందంటే నెలల తరబడి ఫైళ్లు, ఎండలు ముదిరేసరికి స్పాట్ వాల్యుయేషన్. ఇందులో అబద్ధమేమీ లేదు. డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతూ కథలు రాస్తున్నవాడిగా ఆ బరువు నాకు బాగా తెలుసు. అయినా ఈ అధ్యాయాన్ని టైము దగ్గర మొదలుపెట్టను. టైము దొరక్క ఆగిపోయిన కథలకన్నా, టైము దొరికి రాసినా చివరికి పాఠమైపోయిన కథలే నేను ఎక్కువ చదివాను. మన వృత్తిలో కథకు వచ్చే అసలు ప్రమాదం అక్కడుంది.

క్లాసులో మన పని విడమరచి చెప్పడం. మంచి మాస్టారు చెప్పబోయేది ముందే చెబుతారు, చెబుతూ ఉదాహరణ ఇస్తారు, చెప్పాక మళ్లీ ఒకసారి కూడగట్టి చెబుతారు. వెనక బెంచీ పిల్లాడికి కూడా అందాలి కదా. అది వృత్తిధర్మం. ఆ ధర్మాన్ని రోజూ గంటల తరబడి, ఏళ్ల తరబడి పాటించేసరికి అది నాలుకకు అలవాటై, అక్కణ్ణుంచి చేతికి పాకుతుంది. రాత్రి ఇంట్లో కథ రాయడానికి కూర్చుంటే పెన్ను కూడా విడమరచడమే మొదలుపెడుతుంది. కొడుకు మీద అలిగిన తండ్రి తరాల అంతరం గురించి ఉపన్యాసం ఇస్తాడు. పొలం అమ్ముకున్న రైతు పత్రిక సంపాదకీయంలా మాట్లాడతాడు. ఆఖరి పేరాలో రచయిత వచ్చి, ఇంతవరకూ మీరు చదివినదాని భావం ఇదీ అని ఒప్పజెప్పి వెళతాడు.

అదే ఉద్యోగం మనకో పెద్ద సంపదను కూడా ఇస్తుంది. ఏటా అవే కథల్ని మళ్లీ మళ్లీ, పైకి, నలభై యాభై మంది ముందు చదివే అవకాశం ఇంకెవరికుంది? బ్యాంకులో పనిచేసే కథకుడికి లేదు, రెవెన్యూలో ఉన్న కథకుడికి లేదు. జీతమిచ్చి మరీ మనచేత మంచి కథలు చదివిస్తున్నారు. ఆ చదువును ఇంటికి తెచ్చుకోవాలి, ఆ గొంతును కాలేజీ గేటు దగ్గరే వదిలి రావాలి. ఈ రెండు పనులూ ఎలా చేయవచ్చో నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

మనకన్నా ముందు నడిచినవాళ్లు

తెలుగు కథకు బడితో, కాలేజీతో ఉన్న బంధం చాలా పాతది. 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన 'దిద్దుబాటు' రాసిన గురజాడ, విజయనగరం మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పినవారే. చిత్తూరు జిల్లా పల్లెల్లో బడిపంతులుగా ఉంటూ మధురాంతకం రాజారాం రాసిన కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయన కుమారుడు నరేంద్ర తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యులుగా పనిచేస్తూ తెలుగులో కథలూ నవలలూ రాశారు. 'మనోధర్మపరాగం' నవలకు 2022లో ఆయనకూ అదే పురస్కారం దక్కింది. కేతు విశ్వనాథరెడ్డి, కొలకలూరి ఇనాక్, సింగమనేని నారాయణ, ఓల్గా, పి.సత్యవతి అందరూ పాఠాలు చెప్పినవాళ్లే. పెద్దింటి అశోక్‌కుమార్ సర్కారు బడి టీచరుగా ఉంటూనే 'జిగిరి' రాశారు. కాబట్టి ఈ ఉద్యోగంలో కథ బతకదన్న మాటకు ఆధారం లేదు.

వీళ్లందరి గురించీ చెప్పే చోటు ఇది కాదు. ఇద్దరి దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం.

కాళీపట్నం రామారావు విశాఖపట్నంలో సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో మూడు దశాబ్దాలు పనిచేశారు. చెప్పింది లెక్కలు. కథాలోకం ఆయన్ని 'కారా మాస్టారు' అనే పిలిచింది. చిన్న వయసులోనే రాయడం మొదలుపెట్టి, మధ్యలో కొన్నేళ్లు కలం పక్కన పెట్టేశారు. ఆ మౌనం తర్వాత వచ్చింది 'యజ్ఞం'. ఆ కథ మీద జరిగినంత చర్చ తెలుగులో మరే కథ మీదా జరగలేదంటే అతిశయోక్తి కాదు. 'యజ్ఞంతో తొమ్మిది'కి 1995లో అకాడెమీ పురస్కారం వచ్చింది. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పి, తన కథలకన్నా ఇతరుల కథల్ని సేకరించడానికే మలివయసంతా వెచ్చించారు. కొత్తవాళ్ల కథలు ఓపిగ్గా చదివి తన అభిప్రాయం చెప్పేవారు. మీరు రెండేళ్లుగా ఏమీ రాయలేదని మీమీద మీకే కోపం వస్తుంటే కారా మాస్టారి జీవితం ఒకసారి తిరగేయండి. రాయని ఏళ్లలో ఆయన మనుషుల్ని చూడటం మానలేదు. మనం నేర్చుకోవాల్సిందీ అదే.

రెండోవారు త్రిపుర. కాశీలో చదువుకుని, ఇంగ్లీషు అధ్యాపకుడిగా చాలాకాలం అగర్తలాలో పనిచేశారు. చుట్టూ తెలుగు వినిపించని చోటు. సభలు లేవు, సన్మానాలు లేవు, రోజూ కలిసే సాహిత్య మిత్రబృందమూ లేదు. రాసిన కథలు చాలా తక్కువ. అయినా 'పాము', 'భగవంతం కోసం' లాంటి కథల కోసం ఇవాళ్టి కుర్రవాళ్లు కూడా వెతుక్కుంటున్నారు. ఏడాదికి ఇన్ని కథలు అచ్చవ్వాలని లెక్కపెట్టుకునే స్నేహితులకు నేనెప్పుడూ త్రిపుర పేరే చెబుతాను. మన ప్రమోషన్ ఫైల్లో కథకు పెద్దగా విలువ లేదు, పరిశోధన పత్రానికే విలువ. ఇది బాధపడాల్సిన విషయంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో గొప్ప స్వేచ్ఛ. ఏ ఫారంలోనూ నింపక్కర్లేని పని కాబట్టి దాన్ని మనకు నచ్చినంత నెమ్మదిగా, మనకు తృప్తి కలిగేదాకా చేసుకోవచ్చు.

క్లాసులో కథ చదవడం

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' తీసుకుందాం. ఈ కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందన్న సంగతి బిట్ పేపర్లలో అడుగుతారు కాబట్టి పిల్లలకు ఆ ముక్క ముందే తెలిసి ఉంటుంది. కథే తెలిసి ఉండదు.

రావుగారు నియమాల మనిషి. ఎలా బతకాలో సూత్రాలు ఏర్పరచుకుని, వాటి ప్రకారమే నడుచుకునే మనిషి. ఉపన్యాసం ఇవ్వడానికని రైల్లో బయల్దేరతారు. పెట్టెలోకి ఒక ముష్టి మనిషి వస్తుంది, చలాకీగా అందరినీ పలకరించి డబ్బులు అడుక్కుంటుంది. ఈయన మాత్రం ఇవ్వరు. గాలివాన ముదిరి, దిగిన స్టేషన్లో ఆ రాత్రి ఆయనకు తోడుగా మిగిలేది ఆమె ఒక్కతే. తెల్లవారేసరికి ఆమె శిథిలాల కింద చనిపోయి ఉంటుంది. ఆమె దగ్గర ఆయన పర్సూ, స్టేషన్లో టిక్కెట్లమ్మిన డబ్బూ కనిపిస్తాయి. రావుగారు రైల్వే డబ్బు తీసి సొరుగులో పెట్టేస్తారు. పర్సు మాత్రం ఆమె దగ్గరే వదిలేస్తారు.

గైడ్లో ఈ చోట "రావుగారిలో మానవత్వం మేల్కొంది" అని ఉంటుంది. పరీక్షకు ఆ వాక్యం చాలు. కథకుడిగా మీరు చూడాల్సింది ఆయన చేతులు. ఒక డబ్బు సొరుగులోకి వెళ్లింది, ఒక డబ్బు ఆమె దగ్గర ఉండిపోయింది. చచ్చిపోయాక ఆమెను ఎవరూ దొంగ అనకూడదన్న ఆరాటం, తన సొమ్ము మీద ఆమెకు హక్కుందన్న ఒప్పుకోలు, రెండూ ఆ రెండు కదలికల్లోనే ఉన్నాయి. ఉపన్యాసానికని బయల్దేరిన మనిషికి రచయిత చివర్లో ఉపన్యాసం రాయలేదు. కాలేజీలో సైన్సు పాఠాలు చెప్పిన పద్మరాజుకు విడమరచడం రాకనా? ఎక్కడ విడమరచకూడదో ఆయనకు తెలుసు.

ఈ కథ చెప్పే రోజున సారాంశం ముందు చెప్పకండి. రచయిత జీవిత విశేషాలు, అవార్డులు అన్నీ చివర్లో చెప్పినా ఫరవాలేదు. పుస్తకం చేతిలో పట్టుకుని పైకి చదవండి. ఒక్క పీరియడ్లో అయిపోదు, అయినా సరే. సొరుగు దగ్గరికి వచ్చాక ఆగి, పుస్తకం మూసి, "పర్సు ఏం చేసుంటారు?" అని అడగండి. ఒకరు జేబులో పెట్టుకుంటారంటారు. ఒకరు పోలీసులకిస్తారంటారు. ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి, వాళ్లింటివాళ్లకు పంపిస్తారేమో సార్ అంటుంది. ప్రతి జవాబూ ఒక ముగింపే. ఒక్కొక్క ముగింపుతో కథ ఎలా మారిపోతుందో అందరూ కలిసి మాట్లాడుకుంటే పిల్లలకు కథ పట్టుబడుతుంది. మీకు మాత్రం అంతకన్నా విలువైనది దొరుకుతుంది: రచయిత వదిలేసిన ముగింపులన్నీ మీ కళ్లముందు ఉంటాయి. ఆయన ఎంచుకున్నది ఎందుకు మెరుగైనదో మీరు మాటల్లో పెట్టాల్సి వస్తుంది. ఏ వర్క్‌షాపులోనూ దొరకని శిక్షణ అది.

ఇంకొకటి. చదువుతున్నప్పుడు క్లాసును గమనించండి. ఎక్కడ గది నిశ్శబ్దమైపోయింది, ఎక్కడ వెనక నుంచి బెంచీ చప్పుడైంది, ఎక్కడ బెంచీ కింద ఫోన్ వెలిగింది. పుస్తకం మార్జిన్లో పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి. మరుసటేడు కొత్త బ్యాచికి అదే కథ చదివితే దాదాపు అవే చోట్ల అదే జరుగుతుంది. అంటే అది పిల్లల మూడ్ వల్ల జరిగేది కాదు, కథలోనే ఉన్న గుణం. పట్టు సడలిన చోట రచయిత ఏం చేశారో వెతకండి. చాలాసార్లు అక్కడ వర్ణన కొంచెం ఎక్కువై ఉంటుంది, లేదా మనకు అప్పటికే తెలిసిన సంగతి ఇంకోసారి చెప్పి ఉంటారు.

ఇక్కడ మీకో సందేహం రావచ్చు: గట్టి అభిప్రాయం ఉన్న రచయిత మరి ఏం చేయాలి? కులం మీద, స్త్రీల బతుకు మీద, భూమి మీద చెప్పాల్సింది గుండెల్లో మండుతుంటే విడమరచకుండా ఎలా? పి.సత్యవతి 'ఇల్లలకగానే' చదవండి. విజయవాడలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన రచయిత్రి. ఇల్లు అలుకుతూ తన పేరు మరిచిపోయిన ఈగ కథ మన అమ్మమ్మలు చెప్పిందే. దాన్ని ఆమె ఒక గృహిణికి పెట్టారు. ఇల్లు సర్దుకుంటూ, తుడుచుకుంటూ, ముగ్గులు వేసుకుంటూ ఉన్న ఇల్లాలికి ఒకరోజు తన పేరు గుర్తురాదు. పక్కింటివాళ్లను అడుగుతుంది, ఇంట్లోవాళ్లను అడుగుతుంది, పుట్టింటికి వెళుతుంది. చివరికి పాత స్నేహితురాలు పేరు పెట్టి పిలిస్తే ప్రాణం లేచి వస్తుంది. స్త్రీవాదం మీద ఒక సెమినార్‌లో చెప్పుకోగలిగినంత విషయం ఉంది అందులో. కథలో ఉన్నది మాత్రం తన పేరు వెతుక్కుంటున్న ఒక మనిషి, అంతే. అభిప్రాయం ఎంత బలమైనదైతే దానికి అంత బలమైన ఒక పని, ఒక వస్తువు, ఒక మనిషి దొరకాలి. దొరికేదాకా ఆగడమే కథకుడి శ్రమలో పెద్ద భాగం.

ఈ విషయాలు ఇంకా లోతుగా తెలుసుకోవాలనుకుంటే వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' తెచ్చుకోండి. ఆయన కూడా మదనపల్లెలో ఇంగ్లీషు అధ్యాపకులే. తెలుగు కథలనే ఉదాహరణలుగా పెట్టి కథ నిర్మాణాన్ని వివరించిన ఆ పుస్తకానికి 1999లో అకాడెమీ పురస్కారం వచ్చింది. కారా మాస్టారి 'కథాకథనం' కూడా దాని పక్కన ఉండాలి.

మీ కథలో మాస్టారిని పట్టుకోవడం

చిత్తుప్రతి అయ్యాక రెండు వారాలు దాని ముఖం చూడకండి. తర్వాత తలుపు వేసుకుని, ఫోన్‌లో రికార్డు చేస్తూ పైకి చదవండి. మళ్లీ వినండి. ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాళ్లకు ఈ పరీక్ష బాగా పనిచేస్తుంది, ఎందుకంటే పాఠం దగ్గరికి వచ్చేసరికి మన గొంతు మనకు తెలియకుండానే మారుతుంది. కొంచెం పెద్దదవుతుంది, ఆగి ఆగి వస్తుంది, ఆఖరి మాట మీద నొక్కు పడుతుంది. ఆ నొక్కు వినబడిన ప్రతి వాక్యం కిందా గీత గీయండి. వాటిలో చాలావాటిని కొట్టేసినా కథకు నష్టం ఉండదు.

ఒక చిన్న నమూనా. పట్నం నుంచి ఒక పూటకని వచ్చి వెళ్లిపోయిన కొడుకు గురించి మొదటి ప్రతిలో ఇలా వచ్చిందనుకోండి: "పట్నం చదువులు మనుషుల మధ్య దూరాన్ని పెంచాయని వీరయ్యకు అర్థమైంది." తప్పులేని వాక్యం. క్లాసులో అయితే పిల్లలు రాసుకుంటారు కూడా. కానీ ఇందులో వీరయ్య లేడు, మీరున్నారు. అదే చోట, "వీరయ్య రెండు కంచాలూ కడిగి బోర్లించాడు. కొడుకు కంచానికి మెతుకైనా అంటలేదు" అని ఉంటే? కొడుకు తినలేదా, తిననట్టే తిని లేచాడా, తండ్రి ఆ సంగతి అప్పుడే చూశాడా, ఇప్పుడు చూశాడా? పాఠకుడు తన ఇంటి భోజనాలన్నీ గుర్తుచేసుకుంటాడు. దూరం గురించి మనం చెప్పక్కర్లేదు.

సంభాషణలకూ ఒక పరీక్ష ఉంది. ఏ పాత్ర అయినా ఎదుటివాళ్లు అడ్డురాకుండా నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడితే అనుమానించండి. మన ఇళ్లలో ఎవరినైనా అంతసేపు మాట్లాడనిస్తారా? మధ్యలో కూర మాడుతున్న వాసన వస్తుంది, పిల్లాడు ఏడుస్తాడు, "ఆ సంగతి ఇప్పుడెందుకు" అని ఒకరు కసురుకుంటారు. నిజమైన మాటల్లో తెగిపోయే మాటలే ఎక్కువ.

ఆఖరి పేరా విషయం మరీ ముఖ్యం. కథ పూర్తయిందనుకున్నాక ఆఖరి పేరాను వేరే కాగితం మీదకు తీసేసి, అది లేకుండా ఎవరికైనా ఇవ్వండి. "తర్వాత ఏమైంది?" అని వాళ్లు అడిగితే పేరా వెనక్కి పెట్టాల్సిందే. ఊరికే కాసేపు మౌనంగా ఉండిపోతే ఆ పేరా మీ పాఠం నోట్సులోది. తీసేయండి.

మాట యాస విషయానికొస్తే, మన క్లాసులంతటి గని ఇంకోటి లేదు. పది మండలాల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. ఒకే వంటకానికి మూడు పేర్లు, మేనత్తకు నాలుగు పిలుపులు, కోపానికి ఎన్నో రకాల తిట్లు. చెవి అప్పగిస్తే చాలు. అయితే ఇక్కడ ఒక గీత ఉంది, దాన్ని దాటవద్దని గట్టిగా చెప్పదలచుకున్నాను. ఫీజు కట్టలేక స్టాఫ్‌రూమ్‌కి వచ్చి కన్నీళ్లు పెట్టుకున్న పిల్ల చెప్పిన ఇంటి సంగతి మీ కథకు ముడిసరుకు కాదు. ఆ పిల్ల మిమ్మల్ని నమ్మి చెప్పింది మాస్టారనే గానీ రచయితనని కాదు. పేరు మార్చినా, ఊరు మార్చినా ఆ క్లాసులో అందరికీ తెలిసిపోతుంది. పలుకుబడిని తెచ్చుకోండి, బతుకును వాళ్లకే వదిలేయండి.

ఏ పని ఎప్పుడు

టైము గురించి ఇప్పుడు. అధ్యాపకుడి ఏడాదిలో పెద్ద ఖాళీలు కొన్ని ఉంటాయి, చిన్న ఖాళీలు లెక్కలేనన్ని. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు పెద్దవి. లీజర్ పీరియడ్లు, బస్సు ప్రయాణాలు చిన్నవి. చాలామంది చిన్న ఖాళీలో కొత్త కథ మొదలుపెట్టి, బెల్లు కొట్టగానే వదిలేసి, ఆ తెగిన దారం మళ్లీ దొరక్క నిరాశపడతారు. మొదటి ప్రతికి తెగని సమయం కావాలి. కొన్ని రోజులు వరసగా ఆ మనుషుల మధ్యే ఉండాలి. దాన్ని సెలవులకు అట్టేపెట్టుకోండి. దిద్దుబాటు అలా కాదు. ఒక పేరా తీసుకుని ముప్పావుగంటలో నాలుగు మాటలు మార్చి మళ్లీ సంచిలో పెట్టేయవచ్చు. సెమిస్టర్ నడుస్తున్నన్నాళ్లూ దిద్దుబాటే పెట్టుకోండి. స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో మాత్రం కథ జోలికే వెళ్లకండి. రోజంతా ఒకే ప్రశ్నకు ఒకే గైడ్ జవాబు చదివిన మెదడు, రాత్రికి ఆ వాక్యాలనే తిరిగి రాస్తుంది. ఆ రోజుల్లో పాటలు వినండి, నడవండి, పొద్దున్నే లేచి మంచి వచనం రెండు పేజీలు చదవండి.

ఇన్విజిలేషన్ డ్యూటీ నాకు ఇష్టమైన సమయం. మూడు గంటలు పుస్తకం పట్టుకోకూడదు, ఫోన్ పట్టుకోకూడదు, మాట్లాడకూడదు. నడుస్తూ ఒకే ఒక్క సన్నివేశాన్ని మనసులో మొదటినుంచి చివరిదాకా చూడవచ్చు. పేపర్లు కట్ట కట్టి అప్పజెప్పాక, బయటికి రాగానే రాసుకోండి.

అచ్చులోకి

కథ పంపేముందు ఆ పత్రికను నాలుగైదు వారాలు చదవండి. ఇంత మామూలు సంగతి కూడా చాలామంది చేయరు. ఆదివారం అనుబంధాలకు చోటు తక్కువ, పదాల పరిమితి ఖచ్చితంగా ఉంటుంది. పెద్ద కథను అక్కడికి పంపి, వాళ్లే కుదించుకుంటారులే అనుకోవడం సంపాదకుడి మీద అనవసర భారం. కరోనా కాలంలో 'నవ్య' వారపత్రిక ఆగిపోయింది. దశాబ్దాల పాటు నడిచిన 'చతుర', 'విపుల' కూడా అటూ ఇటుగా మూతపడ్డాయి. కథకు ఉన్న పెద్ద ఇళ్లు కొన్ని అలా తగ్గాయి. అయితే 1998 నుంచి ప్రవాసాంధ్రులు నడుపుతున్న 'ఈమాట' లాంటి వెబ్ పత్రికల్లో నిడివికి అంత ఇబ్బంది లేదు. సంపాదకులు ప్రశ్నలు వేసి దిద్దించే చోట కథ పడితే సంతోషించండి. మనం రోజూ దిద్దేవాళ్లం కాబట్టి, ఒకరు మనల్ని దిద్దితే మొదట్లో మనసు ఒప్పుకోదు. ఒప్పించాలి. ఆ దిద్దుబాట్లు పిల్లల పేపర్ల మీద మన ఎర్రసిరా ఎలా ఉండాలో కూడా నేర్పుతాయి.

కథతోపాటు హామీపత్రం తప్పకుండా జతచేయండి: ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని. ఆ ఆఖరి ముక్కను నిజంగా పాటించండి. ఒకే కథ రెండుచోట్ల అచ్చయితే రచయిత మీద నమ్మకం పోతుంది, మళ్లీ రావడం కష్టం. మన దగ్గర చాలా పత్రికలు కథ తీసుకోకపోతే ఆ సంగతి తెలియజేయవు. మూడు నాలుగు నెలలు చూసి, మర్యాదగా ఒక ఉత్తరం రాసి, జవాబు లేకపోతే కథ వెనక్కి తీసుకుంటున్నానని తెలియజేసి వేరేచోటికి పంపండి. ఆ మౌనాన్ని కథ మీద తీర్పుగా తీసుకోకండి. అక్కడ ఒకరో ఇద్దరో కూర్చుని వందల కథలు చూస్తుంటారు. దీపావళికీ ఉగాదికీ వచ్చే కథల పోటీలు మంచివే, గడువు తేదీ మనచేత కథ పూర్తి చేయిస్తుంది. పోటీ కోసమని కథను మలచడం మొదలైతే మాత్రం, బహుమతి కథల నమూనా ఒకటి తలలో కూర్చుంటుంది. అది కూడా ఒక రకం సిలబస్సే.

ఏడాదిలో వచ్చిన మంచి కథల్ని ఏరి వేసే సంకలనాలు మనకున్నాయి. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకులుగా కథాసాహితి 1990 కథలతో మొదలుపెట్టిన వరస అందులో ముఖ్యమైనది. పాపినేని కూడా అధ్యాపకులే. ఆ సంకలనాలు వరసగా చదివితే మూడు దశాబ్దాల తెలుగు సమాజం కనిపిస్తుంది. క్లాసుకూ పనికొస్తాయి, మీ కథ ఏ వరసలో నిలబడాలనుకుంటోందో మీకూ తెలుస్తుంది.

పుస్తకం వేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. కనీసం పన్నెండు కథలు, అందులో ఒక్కటి కూడా సంఖ్య కోసం కలపనిది అయ్యేదాకా ఆగండి. చాలామంది సొంత ఖర్చుతోనే వేసుకుంటారు, ఇందులో చిన్నతనమేమీ లేదు. ప్రూఫులు మాత్రం మీరు ఒక్కరే దిద్దకండి. మన కథలో తప్పులు మన కంటికి కనబడవు. కాపీల్లో పెద్ద భాగం కాంప్లిమెంటరీగా పోతుంది, షాపుల్లో ఇచ్చినవాటి వెలలో చెప్పుకోదగ్గ వాటా కమీషన్‌కి పోతుంది. ఈ లెక్క ముందే వేసుకుంటే తర్వాత మనస్తాపం ఉండదు. కథానిలయానికి ఒక ప్రతి పంపండి. ఎప్పుడో ఒక పరిశోధక విద్యార్థి మీ కథ కోసం అక్కడికి వెళతాడు. మీ పుస్తకాన్ని మీ విద్యార్థుల చేత కొనిపించడం మాత్రం వద్దు. మార్కులు మీ చేతిలో ఉన్నప్పుడు వాళ్లు ఇష్టంతో కొన్నారో, భయంతో కొన్నారో మీకు ఎప్పటికీ తెలియదు. అదే కారణంతో మీ కథను మీ క్లాసులో మీరే పాఠంగా చెప్పకండి. సిలబస్‌లో పడితే ఆ పాఠం పక్క సెక్షన్ సహోద్యోగికి అప్పగించండి.

మీ దగ్గరికి కథ తెచ్చే పిల్లలు

ప్రతి రెండు మూడేళ్లకూ ఒకరు వస్తారు. క్లాసు అయిపోయాక అందరూ వెళ్లేదాకా తలుపు దగ్గర నిలబడి, లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో రాసినది చూపిస్తారు. అక్కడికక్కడ చదవకండి. ఎదురుగా నిలబడ్డ రచయిత ముఖం చూస్తూ ఎవరూ కథ సరిగ్గా చదవలేరు. ఏ రోజు తిరిగి ఇస్తారో చెప్పి, ఆ రోజునే ఇవ్వండి. ఆ వయసులో ఆ నాలుగు రోజులు ఎంత పొడుగ్గా ఉంటాయో మనకు తెలియనిది కాదు.

ఎర్రసిరా వాడొద్దు. పెన్సిల్‌తో మూడు గుర్తులు చాలు: మీకు కళ్లముందు బొమ్మ కట్టిన చోటు, మీరు తప్పిపోయిన చోటు, కథ నిజంగా మొదలైందని మీకనిపించిన చోటు. మొదటి కథల్లో చాలావాటికి అసలు మొదలు రెండో పేజీలో ఉంటుంది. వర్ణదోషాలు రెండోసారికి వదిలేయండి. "బాగుంది, ఇంకా బాగా రాయాలి" అని మాత్రం అనకండి, దానితో ఆ పిల్లలు ఏమీ చేసుకోలేరు. "ఈ ముసలమ్మ గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చిన చోటు నాకు నిన్న రాత్రంతా గుర్తుంది" అనండి. వాళ్లు రాసినదాంట్లో ఏది బతికుందో వాళ్లకు తెలియాలి. తర్వాత, ఆ కథకు దగ్గరగా ఉండే ఒక మంచి కథ లైబ్రరీ నుంచి మీరే తీసి ఇవ్వండి. ఊరి బడి నుంచి వచ్చిన పిల్లకు సింగమనేని సంకలనం చేసిన 'సీమ కథలు' ఇచ్చి చూడండి, లేదా చాసో కథలు. వాళ్ల ఇంటి మాట అచ్చులో ఉండొచ్చని ఆ పుస్తకమే చెబుతుంది. మూడు వారాల తర్వాత అదే కథను మళ్లీ రాసి తెమ్మని, తేదీ కూడా నోట్‌బుక్ చివర మీ చేత్తోనే రాసివ్వండి.